సీటు లేదంటే రాసివ్వండి

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ బడి సీట్ల గురించి తల్లిదండ్రులు చెప్పుకునే బాధలన్నీ ఒకచోట పోగేస్తే, పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టే కనిపిస్తాయి. ఒకరికి ఉచిత సీటు వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది గాని, బడి చేర్చుకోలేదు. ఒకరికి పాత బడి టీసీ ఇవ్వలేదు. ఒకరి పాప అడిగినదానికి జవాబు చెప్పలేదని "ఇంకో ఏడాది ఆగి తీసుకురండి" అన్నారు. కొల్లేటి లంకలో ఇంకొకరికి వెళ్లి అడగడానికి దగ్గర్లో బడే లేదు. అయితే వీటన్నిటిలోనూ మారనిది ఒకటుంది. ఏ బడీ "మీ పిల్లవాణ్ని చేర్చుకోం, కారణం ఇది" అని రాసి సంతకం పెట్టి ఇవ్వదు. "సీట్లు అయిపోయాయండీ", "మా లాగిన్‌లో మీ పేరు రాలేదండీ", "పైనుంచి ఆర్డరు రావాలి, సోమవారం రండి", "కరస్పాండెంటు గారు ఊళ్లో లేరు". అన్నీ నోటిమాటలు. గోదావరి మర్యాదకు ఏ లోటూ రాని నోటిమాటలు. రెండు వారాలు అలా తిరిగేసరికి పుస్తకాలు పంచేస్తారు, బస్సు రూటు ఖాయమైపోతుంది. తండ్రి ఎక్కడో చేబదులు తెచ్చి ఇంకో బడిలో చేరుస్తాడు. ఫిర్యాదు ఏ రిజిస్టరులోకీ ఎక్కకుండానే చచ్చిపోతుంది.

ప్రవేశాల మీద తల్లిదండ్రులకు అప్పీలు హక్కు లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. చట్టంలో స్పష్టంగా ఉంది. అది మొదలవ్వాల్సిన చోటే తెగిపోయి ఉండటం అసలు సంగతి. మిగతా తగాదాలన్నీ, అంటే ఫీజు, దూరం, కులధ్రువీకరణ, వయసు, వీటిని విడివిడిగా తీర్చడానికి జీవోలు వస్తూనే ఉన్నాయి. కాదన్న కారణం రాసివ్వడం అనే ఈ ఒక్కదాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

చదువు పిల్లల ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తేల్చిన తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది: ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1993. కోర్టుకెక్కిన గొడవ మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజులది. అది తేల్చే క్రమంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచిత విద్య హక్కని న్యాయమూర్తులు అన్నారు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ దాన్ని 21ఎ అధికరణంగా చేర్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2011 మార్చిలో ఆంధ్రప్రదేశ్ తన నియమాలు ప్రకటించింది. ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న 12(1)(సి) సెక్షన్ మాత్రం అలమారాలోనే ఉండిపోయింది. ఒక న్యాయవాది వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు గట్టిగా చెప్పాక గాని కదలిక రాలేదు. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నారు. అన్నేళ్లపాటు ఆ సీట్లు ఎవరికీ దక్కలేదు. దక్కలేదని అప్పీలు చేసుకునే అవకాశం కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే దరఖాస్తే లేదు.

ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో వచ్చిన 24వ నంబరు జీవోతో ఒక రూపం ఏర్పడింది. 25 శాతంలో 10 ఎస్సీలకు, 4 ఎస్టీలకు, 5 అనాథలకు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు, దివ్యాంగులకు. మిగిలిన 6 బీసీ, మైనారిటీ, ఓసీ వర్గాల్లో ఆదాయం తక్కువున్నవారికి. ఆదాయ పరిమితి పల్లెలో ఏడాదికి లక్షా 20 వేలు, పట్నంలో లక్షా 44 వేలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, కంప్యూటర్ లాటరీ, ఫోనుకు మెసేజ్. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ప్రభుత్వం సీటు ఇచ్చేది ఒకటో తరగతికి. ప్రైవేటు బడి నిండేది ఎల్కేజీలో. ఏలూరు ఆర్.ఆర్.పేటలోనో గూడెం మెయిన్ రోడ్డు పక్కనో పేరున్న బడి ఏదైనా తీసుకోండి, ఒకటో తరగతి అంటే రెండేళ్లుగా ఫీజు కడుతున్న యూకేజీ పిల్లలు పైకి రావడమే. కొత్తగా చేర్చుకునేది ఎవరైనా ఖాళీ చేస్తేనే. ఆ స్థితిలో లాటరీ పేర్ల జాబితా పట్టుకొని తల్లిదండ్రులు వెళితే "ఎక్కడ కూర్చోబెట్టమంటారండీ" అనే మాట వస్తుంది. విద్యాహక్కు చట్టం ఈ చిక్కును ముందే ఊహించింది. పూర్వ ప్రాథమిక తరగతులు ఉన్న బడిలో ఆ తరగతుల నుంచే 25 శాతం వర్తించాలని 12వ సెక్షన్‌లోనే ఒక నిబంధన ఉంది. ఢిల్లీలో నర్సరీ నుంచే ఇస్తున్నారు. మన దగ్గర ఒకటో తరగతి దగ్గర మొదలుపెట్టడం వల్ల ప్రతి వేసవిలోనూ అదే గొడవ ఖాయంగా పుడుతుంది. ఇది బడుల తప్పు కాదు. లెక్క వేసినవాళ్ల తప్పు.

రెండోది డబ్బు. ఏడాదికి ఒక పిల్లవాడికి పట్నంలో 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100 రూపాయలని ఆ జీవో ఖరారు చేసింది. అది కూడా ఖజానా నుంచి నేరుగా బడికి కాదు. అప్పట్లో తల్లి ఖాతాలో పడిన అమ్మ ఒడి సొమ్ములోంచి ఆమే బడికి కట్టాలన్నారు, కట్టకపోతే మరుసటి ఏడాది సొమ్ములో పట్టుకుంటామన్నారు. ఇక్కడ రెండు వైపులా నష్టపోయారు. ఉచితం అని చట్టం చెప్పిన సీటుకు తల్లి తనకు రావాల్సిన డబ్బు ధార పోసింది. బడికేమో ప్రభుత్వం హామీ పోయి ఒక పేద తల్లి దగ్గర వసూలు చేసుకోవాల్సిన బాకీ మిగిలింది. యాజమాన్యాల వాదనలో బలం లేదని నేననను. ప్రభుత్వ బడిలో ఒక పిల్లవాడి మీద పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి తీసుకునే ఫీజు, ఈ రెండిట్లో తక్కువది చెల్లించాలని చట్టం చెబుతోంది. 8,000 ఆ సూత్రంలోంచి ఎలా వచ్చిందో అడగటం న్యాయమే. గూడెం చుట్టుపక్కల పల్లెల్లో అద్దె ఇళ్లలో నడిచే చిన్న ఇంగ్లీషు మీడియం బడులకు పాతిక శాతం పిల్లల ఫీజు ఏడాదిపాటు ఆగితే టీచర్లకు జీతాలు ఆగుతాయి. కానీ ఆ తగువు తేల్చుకోవాల్సింది సచివాలయంతోనూ హైకోర్టుతోనూ. గేటు దగ్గర నిలబడ్డ ఐదేళ్ల పిల్లతో కాదు. "పుస్తకాలకు ఇంత, యూనిఫారానికి ఇంత, బస్సుకు ఇంత కడితే చేర్చుకుంటాం" అని బేరం పెట్టడం కూడా ఆ కోవలోదే.

ఇంకో సంగతి ఏలూరు వాళ్లకు బాగా తగులుతుంది. ఈ ఊళ్లో క్రైస్తవ మిషనరీ బడులకు తరాల పేరుంది, 1976 నుంచి ఇది కేథలిక్ మేత్రాసనం కూడా. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. కాబట్టి తల్లిదండ్రులు ముందుగా కోరుకునే బడుల్లో కొన్ని లాటరీ జాబితాలోనే ఉండవు. ఆ సంగతి తెలియక ఎందుకు ఇవ్వలేదని అడిగేవాళ్లున్నారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరు సభ్యుల ధర్మాసనం ప్రమతి తీర్పును మళ్లీ పరిశీలించాలని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. అది తేలేదాకా మైనారిటీ బడి మీద 25 శాతం పేరు చెప్పి ఫిర్యాదు చేస్తే నిలవదు.

ఇక కొల్లేరు. అక్కడికొస్తే ఈ చర్చ అంతా వేరే రంగులోకి మారిపోతుంది. 1999లో +5 కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెంచేశారు. ఇవన్నీ పర్యావరణ వ్యాసాల్లో చదువుతాం. బడి వైపు నుంచి ఎవరూ చదవరు. పెనుమాకలంక, నందిగామలంక, గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక లాంటి ఊళ్లలో కిలోమీటరు లోపల, మూడు కిలోమీటర్ల లోపల ప్రైవేటు బడి అన్నదే అరుదు. కాబట్టి లాటరీలో దగ్గరివాళ్లకు మొదటి అవకాశం అన్న నియమం లంకల పిల్లలకు పూర్తిగా అడ్డం తిరుగుతుంది. ఏలూరు నుంచి ఆ లంకలు మ్యాపులో దగ్గరే. గట్టు చుట్టి, కాజ్‌వే దాటి రావాలంటే మాత్రం ఆ దూరం వేరు. పెదఎడ్లగాడి వద్ద నీరు పొంగినప్పుడు ఆ దూరానికి కొలతే లేదు. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరింది కొల్లేటికే. బెజవాడలో బడులు తెరుచుకునేనాటికి ఇక్కడి లంకల చుట్టూ నీళ్లు నిలిచే ఉన్నాయి.

కేంద్రం 2010లో రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాల్లో వరదలు, కొండచరియలు, దారి లేకపోవడం వల్ల పిల్లలకు ప్రమాదం ఉన్నచోట బడి దూరం తగ్గించాలని ఒక మాట ఉంది. కొల్లేటి కోసమే రాసినట్టుంటుంది. దాన్ని ఆసరా చేసుకొని బడి గాని పడవ గాని కోరుతూ ఒక్క లంక గ్రామం విద్యా కమిటీ అధికారికంగా రాసినా అది పెద్ద కేసు అవుతుంది.

లంకల కంటే కష్టం చెరువు గట్ల మీద బతికేవాళ్లది. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ఆకివీడు వైపు చెరువు కాపలాకు కుటుంబంతో సహా వచ్చి పాకలో ఉండేవాళ్లున్నారు. ఇంటి నంబరు ఉండదు. రేషన్ కార్డు ఇంకో మండలంలో, ఆధార్‌లో ఇంకో జిల్లా. పంట అయ్యాక చెరువు మారితే ఊరు మారుతుంది. జూన్‌లో కాకుండా నవంబరులో పిల్లవాణ్ని బడికి తీసుకొస్తారు. ఇలాంటివాళ్లకు చట్టం నాలుగు తలుపులు తెరిచిపెట్టింది. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు, 14వ సెక్షన్. గడువు దాటిందని తిప్పి పంపకూడదు, 15వ సెక్షన్. బడి మానేసిన పిల్లవాణ్ని వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, 4వ సెక్షన్. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నాలుగూ ప్రభుత్వ బడి గోడ మీద పెద్దక్షరాలతో ఉండాల్సినవి. మన గోడల మీద నీతి సూక్తులుంటాయి.

ప్రభుత్వ బడుల ప్రవేశాల మీద కూడా పెద్ద ఫిర్యాదు ఒకటి వచ్చింది, అది ఊళ్లకు ఊళ్లు కలిసి చేసింది. 2022 జూన్‌లో 117వ జీవో కింద 3, 4, 5 తరగతులను ఊరి ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూళ్లకు కలిపారు. అది పరిపాలన నిర్ణయమని అధికారులు అన్నారు. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే అది వాళ్ల పిల్లవాడి అడ్మిషన్‌ను వాళ్లను అడక్కుండా మార్చడమే. ఉంగుటూరు, భీమడోలు దారిలో జాతీయ రహదారి, రైల్వే లైను, ఏలూరు కాలువ దాదాపు పక్కపక్కనే సాగుతాయి. ఎనిమిదేళ్ల పిల్ల వాటిలో ఒకటి దాటాల్సి వస్తే కిలోమీటరు లోపలే కదా అన్న జవాబు జవాబు కాదు. ఆ జూలైలో రాష్ట్రమంతా తల్లులు బడుల ముందు కూర్చున్నారు, గేట్లకు తాళాలు వేశారు. ఆ జీవోను 2025లో తీసేశారు. వ్యక్తిగతంగా ఒక తల్లి రాసిన అర్జీ ఎన్నడూ సాధించలేనిది బజారులో కూర్చుంటే దక్కింది. అర్జీల మీద నమ్మకం ఎందుకు లేదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

టీసీ సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. ఫీజు బాకీ ఉన్నంతవరకు టీసీ ఇవ్వం అన్నది అన్ని ప్రైవేటు బడుల అలిఖిత నియమం. ఇప్పుడు దానికి ఆన్‌లైన్ తాళం కూడా తోడైంది. పిల్లవాడి పేరును పాత బడి తన యూడైస్ (విద్యార్థుల ఆన్‌లైన్ రికార్డు) లాగిన్ నుంచి డ్రాప్‌బాక్స్‌లోకి వదలకపోతే కొత్త బడిలో పేరు ఎక్కదు. తల్లి ఖాతాకు వచ్చే పథకం డబ్బుకు బడి రికార్డులో పేరే ఆధారం గనుక ఆ తాళం ఇంటి దాకా బిగుస్తుంది. చట్టం 5వ సెక్షన్‌లో ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలని, ఆలస్యం చేస్తే శాఖాపరమైన చర్య ఉంటుందని, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని ఉంది. అయితే ఇందులో ఒక కన్నం ఉంది. ఆ సెక్షన్ ఇచ్చే బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారడానికే. ప్రైవేటు నుంచి ఇంకో ప్రైవేటుకు మారేవాళ్లకు అది నేరుగా అక్కరకు రాదు. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఫీజు బాకీ కోసం టీసీలను అడ్డం పెట్టుకోవద్దని, టీసీ తెమ్మని పట్టుబట్టవద్దని తమిళనాడు ప్రభుత్వానికి చెప్పింది. మనకు అలాంటి ఒక స్పష్టమైన ఉత్తర్వు కావాలి. బాకీ వసూలుకు సివిల్ కోర్టులున్నాయి.

ఇంటర్వ్యూల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. పిల్లవాణ్ని గాని తల్లిదండ్రులను గాని పరీక్షించి చేర్చుకోవడం 13వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి 25,000 దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పది రెట్ల దాకా. దివ్యాంగులైన పిల్లలకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. "ఇలాంటి పిల్లలకు మా దగ్గర సదుపాయం లేదండీ, భవిత కేంద్రానికి తీసుకెళ్లండి" అన్న జవాబులో జాలి ఉన్నట్టు కనిపిస్తుంది. ఉన్నది తిరస్కరణే.

పరీక్ష రాసి చేరే బడుల సంగతి వేరు. పెదవేగి నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లు. కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, మూడో వంతు ఆడపిల్లలకు. పరీక్ష జీవితంలో ఒక్కసారే. అక్కడి ఫిర్యాదులు మార్కుల మీద కంటే ధ్రువపత్రాల మీద ఎక్కువ. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెలో చదివాడా లేదా అన్నది తేల్చే కాగితం చివర్లో తిరగబడితే ఏడాది శ్రమ పోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ కాగితాల చిక్కు ఇంకొంచెం ముదిరింది. కైకలూరు వాళ్లు మచిలీపట్నం బదులు ఏలూరు వస్తున్నారు, అది మేలే. గూడెం వాళ్లకు రైలెక్కితే వచ్చే ఏలూరు పోయి భీమవరం వచ్చింది. గూడెం బడుల్లో చదివే ఉంగుటూరు మండలం పిల్లలకు బడి ఒక జిల్లా, ఇల్లు ఒక జిల్లా. ఎవరి డీఈఓకు రాయాలో తెలుసుకోవడానికే మొదటి వారం పోతుంది.

ఇన్ని తలుపులు మూసుకున్నచోట మనవాళ్లు వేసుకున్న దొడ్డిదారి సిఫార్సు. ఎమ్మెల్యే గారి లెటరు, జెడ్పీటీసీ గారి ఫోను, ఊరి పెద్ద బంధువు మాట. నిన్న మొన్నటి దాకా దానికి చట్టబద్ధమైన రూపం కూడా ఉండేది. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీకి ఏడాదికి పది సీట్లు, కలెక్టరుకు మరికొన్ని. 2022లో ఆ కోటాలు ఎత్తేశారు. కేంద్రం 2024 డిసెంబరులో ప్రకటించిన 85 కొత్త కేంద్రీయ విద్యాలయాల్లో నూజివీడు ఉంది కాబట్టి ఈ సంగతి మన జిల్లాకూ పట్టేదే. కోటా పోయింది, అలవాటు పోలేదు. సిఫార్సుతో సీటు దొరికిన తండ్రి ఫిర్యాదు ఎందుకు చేస్తాడు? దొరకనివాడు ఎవరి మీద చేస్తాడు? మంచి సిఫార్సు దొరకలేదని తన అదృష్టాన్నే తిట్టుకుంటాడు. అప్పీలు వ్యవస్థ ఎదగకపోవడానికి అధికారుల నిర్లక్ష్యం ఎంత కారణమో ఈ అలవాటూ అంతే కారణమని నా అభిప్రాయం.

చట్టంలోని అప్పీలు ఎలా ఉందో చూద్దాం. 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కుకు సంబంధించిన ఏ ఫిర్యాదైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అది ఇరువైపుల మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. అంతే, రెండే మెట్లు. ఆచరణలో మొదటి మెట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. స్థానిక సంస్థ అంటే పంచాయతీయా, మునిసిపాలిటీయా, ఎంఈఓ ఆఫీసా? అందుకని అందరూ సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల వేదిక పీజీఆర్ఎస్‌కు పోతారు. నిన్నటి దాకా స్పందన అన్నదే అది. అక్కడ భూమి తగాదా, పింఛను, డ్రెయినేజీ అర్జీల మధ్య బడి సీటు అర్జీకి ఒక నంబరు పడుతుంది, కింద ఎంఈఓకు వస్తుంది, ఆయన బడికి ఫోను చేస్తాడు, "మాట్లాడాం, పరిష్కరించబడింది" అని అర్జీ మూసేస్తారు. ఇది ఫిర్యాదు తీర్చడం కాదు, దాఖలు చేయడం. ఇక మూడు నెలల గడువు. బడులు జూన్ 12న తెరుస్తారు. ఆ రోజే ఫిర్యాదు ఇచ్చినా సెప్టెంబరు మధ్య దాకా తేలకపోవచ్చు. అప్పటికి దసరా సెలవులు దగ్గర పడతాయి. ఆరేళ్ల పిల్లకు ఆ మూడు నెలలు ఎవరు తిరిగిస్తారు? వినియోగదారుల కమిషన్‌కు పోదామా అంటే చదువు చెప్పడం ఆ చట్టం కింద సేవ కాదని 2020లో జాతీయ కమిషన్ విస్తృత ధర్మాసనం చెప్పేసింది.

ఇంగ్లండులో ఉంటున్న మన తెలుగు కుటుంబాలను అడిగితే వేరే కథ చెబుతారు. అక్కడ ప్రాథమిక బడి సీట్ల నిర్ణయాలు ఏప్రిల్ 16న ఒకేసారి వెలువడతాయి. కోరుకున్న బడి రాకపోతే వచ్చే ఉత్తరంలోనే మూడు సంగతులు తప్పనిసరిగా ఉండాలి: ఎందుకు ఇవ్వలేదు, అప్పీలు హక్కు ఉంది, ఫలానా తేదీలోపు చేసుకోవాలి. గడువు కనీసం 20 బడి దినాలు. అప్పీలు వినేది బడితో సంబంధం లేని ముగ్గురు సభ్యుల బృందం. అందులో ఒకరు విద్యారంగం తెలిసినవారు, ఒకరు మామూలు పౌరులు. తల్లిదండ్రులు వెళ్లి ఎదురుగా కూర్చొని చెప్పుకోవచ్చు. 40 బడి దినాల్లో విచారణ, తర్వాత మామూలుగా ఐదు బడి దినాల్లో కారణాలతో నిర్ణయం. బృందం ఇవ్వమంటే బడి ఇవ్వాల్సిందే. అక్కడ అప్పీలు చేసినవాళ్లందరికీ సీటొస్తుందని కాదు. చిన్న తరగతులకు 30 మంది పరిమితి ఉంది, దాన్ని దాటించాలంటే చాలా తక్కువ కారణాలే పనిచేస్తాయి. ఓడిపోయేవాళ్లే ఎక్కువ. కానీ ఎందుకు ఓడిపోయారో చేతిలో కాగితం ఉంటుంది. ఇంగ్లండులో బడులు మంచివా మనవి మంచివా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కాదన్నప్పుడు కారణం రాసివ్వడానికి డబ్బు ఖర్చు కాదు, కొత్త భవనం అక్కర్లేదు.

మన దేశంలోనూ ఈ విషయంలో రాష్ట్రాలు చేతులు దులుపుకున్న సందర్భాలున్నాయి. దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటులో ఉచిత సీటు ఇవ్వనక్కర్లేదని కర్ణాటక నియమం పెట్టింది. మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో అలాగే చేయబోతే జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ దారి తొక్కకుండా, ఆలస్యంగానైనా అమలు మొదలుపెట్టింది. ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లు, డీఈఓలు కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా ఈ వేసవికి ముందే చేయగలిగింది ఒకటుంది. ఒక పేజీ నమూనా అచ్చువేయించి ప్రతి గుర్తింపు పొందిన బడికి పంపాలి: విద్యార్థి పేరు, అడిగిన తరగతి, వచ్చిన తేదీ, చేర్చుకోకపోతే కారణం, ప్రధానోపాధ్యాయుడి సంతకం, కింద ఎవరికి ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేయాలో రెండు వాక్యాలు. చేర్చుకోని ప్రతి పిల్లవాడికీ అది ఇవ్వాలి, ఇవ్వకపోతే గుర్తింపు పునరుద్ధరణ దగ్గర చూస్తామనాలి. ఫిర్యాదు తేల్చే గడువు మూడు నెలల నుంచి మూడు వారాలకు తగ్గించుకోవడానికి కూడా ఏ అడ్డూ లేదు. చట్టం చెప్పింది గరిష్ఠ గడువు. కొల్లేటి మండలాలకు వరద రోజులు మినహాయించి, ఎంఈఓ లంకకే వెళ్లి విచారించాలి. కాపలా కుటుంబం ఏలూరు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది.

ఆ నమూనా వచ్చేదాకా తల్లిదండ్రులు చేయదగ్గది ఇది. బడి నోటితో కాదంటే, ఆ రోజే తెల్లకాగితం మీద మీరే రాయండి: ఫలానా తేదీన ఫలానా బడికి వెళ్లాం, ఫలానా మాట చెప్పారు. ఒక ప్రతి మునిసిపల్ కమిషనరుకో పంచాయతీ కార్యదర్శికో, ఇంకోటి ఎంఈఓకు ఇచ్చి, మీ దగ్గరుంచుకునే ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేయం అంటే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. మీ దరఖాస్తు ఏ దశలో ఎందుకు ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 32వ సెక్షన్ గడియారం మీ ఫిర్యాదు కాగితం మీద ముద్ర పడిన రోజు నుంచే తిరుగుతుంది.